సీసాలో పడని ఉప్పు

మూడు చెంచాల ఉప్పు. చూడ్డానికి ఎంతుంటుంది? అరచేతిలో పట్టేస్తుంది. ఏడేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మొన్నమొన్నటిదాకా ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో ఇప్పటికీ అనలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చెప్పకపోవడం పిరికితనమే, ఒప్పుకుంటున్నాను. కానీ జరిగింది మాత్రం ఒక్క ముక్క దాచకుండా చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే అక్కడ కొంచెం అనుమానంగా చదవండి. ఇన్నేళ్ళలో ఆ పనిలో నాకు బాగా చెయ్యి తిరిగింది.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో. శనివారం పొద్దున్నే ఓ పదిమంది తెలుగువాళ్ళం గ్రీన్‌వే దగ్గర, అంటే చెట్ల మధ్య నడకదారి దగ్గర, కలుస్తాం. పేరుకి రన్నింగ్ గ్రూప్. సగంమంది పరిగెత్తేవాళ్ళు, సగంమంది నడుస్తూ ఆఫీసు గొడవలూ గ్రీన్‌కార్డు గొడవలూ చెప్పుకునేవాళ్ళు. నేను రెండో రకం. నా మోకాళ్ళకి పరుగు పడదు. అయినా ఆ గుంపులో నాకొక హోదా ఉండేది. డ్రింక్ నాది.

డ్రింక్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నీళ్ళు, పంచదార, నిమ్మరసం, కాస్త నారింజ రసం, ఉప్పు. గంటలకొద్దీ పరిగెత్తేవాళ్ళకి చెమటతో పోయినదాన్ని తిరిగి ఇవ్వాలి కదా, అందుకు. షాపుల్లో ఇదే సరుకుని రంగు వేసి డబ్బాల్లో పోసి పెడతారు. నేను మొదటిసారి చేసి తెచ్చినరోజు ఒకాయన వరసగా రెండు గ్లాసులు తాగి, ఏం చేతండీ మీది అన్నాడు. ఆ మాటతో నా కాళ్ళు నేలమీద ఆగలేదు. ఆ తరవాత ఎవరైనా షాపు పొడి తెచ్చి కలుపుకుంటే నా మొహం మాడిపోయేది. ఎవరికెంత నిమ్మకాయ, ఎండ ఎక్కువైతే ఎంత ఉప్పు, అన్నీ నా చేతికి తెలుసని అందరికీ చెప్పుకునేదాన్ని.

నిజానికి ఆ డ్రింక్ చూస్తే నాకే ఆశ్చర్యంగా ఉండేది. అదెలా పనిచేస్తుందో ఒకసారి కూర్చుని చదివాను. ఉప్పూ పంచదారా చెయ్యీ చెయ్యీ పట్టుకుని పేగు గోడ దాటతాయట. వాటి వెనకే నీళ్ళు నడిచిపోతాయట. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ చూడక్కర్లేదు, మనం నిద్రపోతున్నా సరే లోపల ఈ రాకపోకలు జరుగుతూనే ఉంటాయి. మనం రోజూ కూరలో వేసి మరిచిపోయే ఉప్పు రక్తంలో తగ్గితే మెదడు ఉబ్బిపోతుందట. గుండె కొట్టుకోవడానికీ, చెయ్యి ఎత్తడానికీ, ఒక మాట గుర్తు రావడానికీ అదే కావాలట. ఇంత పెద్ద పని చేసే వస్తువుని స్టవ్ పక్కన మూతలేని డబ్బాలో పెట్టుకుంటున్నామే అనిపించింది.

అన్నీ తెలుసు నాకు. అదీ చెప్పొచ్చేది. తెలియక చేశానని అనడానికి లేదు.

ఎస్తేరక్క మా గుంపులోకి వచ్చేనాటికి ఆవిడకి నలభై దాటి కొన్నేళ్ళయింది. బాపట్ల వైపు మనిషి. ఇక్కడ ఒక కంపెనీలో పేరోల్ పని. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది. అక్కడ ఎస్తేరు సిస్టర్, మాకు ఎస్తేరక్క. మొదటి శనివారం చుడీదార్ మీద, కూతురు కెజియా వాడి వదిలేసిన బూట్లు వేసుకుని వచ్చింది. కెజియా అప్పటికి మిడిల్ స్కూల్లో ఉంది. ఊరికే నడుస్తానంది అక్క. నడిచింది. నెల తిరక్కుండా పరుగు మొదలుపెట్టింది. ఏడాది గడిచేసరికి మా గుంపులో మగవాళ్ళు కూడా ఆవిడని అందుకోలేకపోయేవారు.

ఆవిడ పరుగు మీరు చూడాలి. అసలు పరుగులాగే ఉండదు. పొయ్యిమీద పాలు పెట్టి పక్కింటికి వెళ్ళొచ్చే మనిషిలా చిన్న చిన్న అడుగులు. ఆయాసం లేదు, ఆర్భాటం లేదు. మేం పది నిమిషాల్లో చెమటలు కక్కుతూ బెంచీమీద కూలబడితే, పైన్ చెట్ల మధ్య నుంచి ఆవిడ మళ్ళీ కనపడేది, మళ్ళీ వెళ్ళిపోయేది. రెండు గంటలు, మూడు గంటలు. ఆగాక చూస్తే నీలం చొక్కా వీపంతా తెల్లటి చారలు. చెమట ఆరిపోయి ఉప్పు మిగిలేది. మా ఊరి పక్కన ఉప్పు కొఠార్లున్నాయి, సముద్రపు నీళ్ళు మళ్ళలో ఎండబెట్టి ఉప్పు తీస్తారు, నేనూ అంతే అని నవ్వేది. నేను ఆ చారలకేసి చూస్తూ ఉండిపోయేదాన్ని. ఒక మనిషి ఒంట్లో ఇంత సముద్రం ఉంటుందా అని.

ఆవిడంటే నాకు అసూయ ఉందా? చాలాసార్లు అడుక్కున్నాను. లేదనే అనిపిస్తుంది. గుళ్ళో నిలబడ్డట్టు ఉండేది ఆవిడ పరుగు చూస్తుంటే. కానీ ఆ పరుగులో నా వాటా కూడా ఉందని నాకు గట్టి నమ్మకం. నా డ్రింక్ తాగి పరిగెడుతోంది కదా. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఒక వేసవిలో ఆవిడ యాభై కిలోమీటర్ల పరుగుకి రిజిస్టర్ చేసుకుంది. ఒక పెద్ద చెరువు చుట్టూ అడవి దారి, దానిచుట్టూ మళ్ళీ మళ్ళీ తిరగాలి. ప్రతి చుట్టు చివరా మనవాళ్ళు నిలబడి నీళ్ళూ తిండీ అందించొచ్చు. ఆవిడ భర్త డేవిడ్ గారికి ఆ శనివారం ఆఫీసులో తప్పనిసరి పని పడింది, సాయంత్రానికి వస్తానన్నారు. నేను వెంట వెళ్తానన్నాను. అన్నానంటే ఎవరూ అడక్కుండానే అన్నాను.

ఆ పొద్దున బయల్దేరే ముందు మా వంటింట్లో పెద్ద జగ్గులో డ్రింక్ కలుపుతున్నాను. నా రెండు చేతులూ నిమ్మకాయల్లో ఉన్నాయి. మూడు చెంచాల ఉప్పు కొలిచి పెట్టమని మా ఆయనకి చెప్పాను. చిన్న స్టీలు గిన్నెలో కొలిచి నా చేతికివ్వబోయాడు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఉప్పు చేతినుంచి చేతికి ఇవ్వకూడదు కదా, ఇస్తే ఇద్దరి మధ్యా గొడవలొస్తాయి. మా అమ్మ మాటా అదే, మా అత్తగారి మాటా అదే. అక్కడ పెట్టు, నేను తీసుకుంటా అన్నాను. స్టవ్ పక్కన గట్టుమీద పెట్టాడు. ఇన్నేళ్ళు అమెరికాలో ఉన్నా ఇది మాత్రం పోలేదని ఇద్దరం నవ్వుకున్నాం. చెమ్మగిల్లుతుందని దానిమీద ఒక ప్లేటు మూతపెట్టాను. ఇంతలో ఎస్తేరక్క ఫోన్. కింద కారులో ఉన్నాను, రా అంది. చేతులు కడుక్కుని, జగ్గులోది సీసాల్లోకి పోసుకుని, పరుగులాంటి నడకతో మెట్లు దిగాను.

రుచి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, ఎప్పుడూ చూడను. మా ఇంట్లో వంట చేసేవాళ్ళు రుచి చూడరు. ఇతరులకి పెట్టేది ఎంగిలి చెయ్యకూడదు. మా అమ్మ ఉడుకుతున్న పులుసు వాసన చూసి ఉప్పు తక్కువో ఎక్కువో చెప్పేది. నాకూ ఆ చెయ్యి వచ్చిందని నా గర్వం.

మొదటి చుట్టు, రెండో చుట్టు బాగానే గడిచాయి. మబ్బు విడిచి ఎండ కాసింది. ఆ ఎండకంటే ఉక్క ఎక్కువ. చెరువులోంచి ఆవిరి లేచి ఒంటికి అంటుకుంటున్నట్టుంది. అందరూ తడిసి ముద్దయి వస్తున్నారు. నేను ఎస్తేరక్క చేతికి నిండు సీసా ఇచ్చి, ఖాళీది తీసుకుని, బాగా తాగక్కా, ఆపకుండా తాగు అని తరుముతున్నాను. ఆవిడ తాగింది. నేను ఎంత ఇస్తే అంతా తాగింది. నిర్వాహకుల టెంట్లో ఉప్పు చిప్స్ ఉన్నాయి, ఉడకబెట్టిన బంగాళాదుంపలున్నాయి, వాటి పక్కన అద్దుకోవడానికి ఒక పళ్ళెంలో ఉప్పు ఉంది. ఒకసారి ఆవిడ చెయ్యి అటువైపు వెళ్ళింది. ఆ చెత్తంతా ఎందుకక్కా, కడుపులో బరువు, నా డ్రింక్‌లో అన్నీ ఉన్నాయిగా అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతుంది.

తరవాతి చుట్టులో వచ్చినప్పుడు ఆవిడ మొహం కొంచెం ఉబ్బినట్టుంది. చేతి వాచీ బిగుసుకుపోయిందని తీసి నాకిచ్చింది. సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, నోట్లోనే ఉంచుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడింది. మింగి అడిగింది.

"చెల్లీ, ఇవాళ ఇందులో ఉప్పు వేశావా?"

"వేశానక్కా. మూడు చెంచాలు. ఎండకి నీ నోరు చెడింది, అందుకే తెలియట్లేదు."

"చప్పగా ఉన్నట్టుందే."

"నా కొలత ఎప్పుడైనా తప్పిందా?"

ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వింది. "నిజమేలే. నువ్వు వేశానంటే వేసినట్టే."

సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట దగ్గరే నా బతుకు ఆగిపోయింది. నువ్వు వేశానంటే వేసినట్టే. తన నాలుకని కాదని నన్ను నమ్మింది. సీసా నా చేతికందే దూరంలోనే ఉంది. ఒక్క గుక్క తాగితే సరిపోయేది. పోనీ, ఆవిడ మూతి పెట్టిన సీసా, ఎంగిలి అనుకున్నాను, ఎత్తి పోసుకుని తాగచ్చుగా? అరచేతిలో నాలుగు చుక్కలు పిండుకోవచ్చుగా? చేతకాకపోయిందా? ఎంగిలి అనేది సాకు అని ఇప్పుడు తెలుస్తోంది. రుచి చూడ్డమంటే తప్పు జరిగి ఉండొచ్చని ఒప్పుకోవడం. అది నాకు ఇష్టం లేకపోయింది.

ఇంకోటి కూడా ఉంది. దీన్ని రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. మా అమ్మమ్మగారింట్లో పనివాళ్ళకీ, పేట నుంచి వచ్చేవాళ్ళకీ గ్లాసులు వేరే. పెరట్లో గూట్లో ఉండేవి. చిన్నప్పుడు ఎందుకని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. నేను అలాంటిదాన్ని కాను అనే అనుకుంటూ పెరిగాను. ఎస్తేరక్క ఇంట్లో ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. అయినా ఆ క్షణంలో ఆ సీసా మూతికీ నా మూతికీ మధ్య అడ్డం వచ్చింది ఉత్త గర్వమేనా? మా సొంత అక్కే అయితే లాక్కుని ఒక గుక్క తాగేదాన్నేమో? నాకు తెలియదు. నిజంగా తెలియదు. తెలియకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

చివరి చుట్టు ఆవిడ చాలా ఆలస్యం చేసింది. నేను టెంటు వదిలి దారి మలుపు దాకా వెళ్ళి నిలబడ్డాను. వచ్చింది. అవే చిన్న అడుగులు. కానీ కళ్ళు నన్ను చూడటం లేదు. పెదాలు కదుపుతూ ఏదో పాడుకుంటోంది. పిలిస్తే తలతిప్పింది, అమ్మా, వస్తున్నా అంది. వాళ్ళమ్మ చనిపోయి చాలా ఏళ్ళయింది. ఎక్కడుందో ఆవిడకి తెలియదు, ఏ దేశంలో ఉందో కూడా తెలియదనుకుంటాను. కాళ్ళకి మాత్రం తెలుసు. అవి దారి వదల్లేదు. చెట్టు వేరు అడ్డం వస్తే దాటి అడుగు వేశాయి, రాయి వస్తే పక్కకి జరిగాయి. బుద్ధి వెళ్ళిపోయిన ఇంట్లో ఒళ్ళు ఒక్కటే దీపం పెట్టుకుని కూర్చుంది. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు, ఇక చూడను. నాకు భయం వెయ్యాలి కదా? వెయ్యలేదు. చేతులు జోడించాలనిపించింది.

ముగింపు గీత దాటింది. దాటి, ఇది ఎన్నో చుట్టు అని ఎవరినో అడిగింది. అక్కడే పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆసుపత్రిలో రక్తం చూసి సోడియం బాగా పడిపోయిందన్నారు. అంటే ఒంట్లో నీళ్ళు ఎక్కువై ఉప్పు పల్చబడిందని. మెల్లమెల్లగా సెలైన్ ఎక్కించారు, తొందరపడితే అదీ ప్రమాదమేనట. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ఏం తాగిందని అడిగింది. ఇంట్లో చేసిన ఎలక్ట్రోలైట్ డ్రింక్, ఉప్పు కొలిచి వేశాను అన్నాను. ఆ స్థితిలో కూడా ఆ మాట కాస్త గొప్పగానే అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు. నాకు నిజంగానే వేసినట్టు గుర్తు. డాక్టరమ్మ రాసుకుంది.

డేవిడ్ గారు కెజియాని తీసుకుని వచ్చాక, బట్టలు మార్చుకు వస్తానని ఇంటికి వెళ్ళాను. మా ఆయన ఇంట్లో లేడు. వంటింట్లో లైటు వేశాను. స్టవ్ పక్కన ప్లేటు. ప్లేటు కింద గిన్నె. గిన్నెలో ఉప్పు, పొద్దున పెట్టింది పెట్టినట్టే, చెంచాతో కొలిచిన మూడు కుప్పలూ చెదరకుండా.

ఫోన్ చేతిలోనే ఉంది. డాక్టరమ్మకో, డేవిడ్ గారికో ఒక్క మాట చెప్పాలి. సీసాల్లో ఉప్పు లేదు. నాలుగు ముక్కలు కూడా కాదు. ఏం చేశానో తెలుసా? గిన్నె సింకులో బోర్లించి నీళ్ళు వదిలాను. ఉప్పు ఎంత తొందరగా కరిగిపోతుందో అప్పుడు చూశాను. గిన్నె తోమి, తుడిచి, అలమరలో పెట్టాను. రక్తంలో ఉప్పు తక్కువని వాళ్ళకి తెలిసిపోయిందిగా, ఎక్కిస్తున్నారుగా, నేను చెప్పినా అంతే, చెప్పకపోయినా అంతే అనుకున్నాను. వైద్యానికి సంబంధించి అది నిజమే కూడా. కానీ నేను ఫోన్ చెయ్యకపోవడానికి కారణం వైద్యం కాదు. శనివారం ఆ పదిమంది మొహాలు.

మూడోరోజుకి ఎస్తేరక్క మామూలు మనిషయింది. నన్ను చూసి మంచం అంచు చూపించి కూర్చోమంది. నా చెయ్యి పట్టుకుని, నువ్వు ఏడవకు చెల్లీ, నేనే పిచ్చిదానిలా ఎక్కువ తాగేశాను, నీ తప్పేముంది అంది. అప్పుడు చెప్పాల్సింది. అంతకంటే మంచి సమయం ఇంకెప్పుడొస్తుంది? నేను ఏడుస్తూనే ఉన్నాను. నా ఏడుపు చూసి పక్కనున్నవాళ్ళు నా మంచితనానికి కరిగిపోయారు.

ఉప్పు వేసిన డ్రింకే తాగింది కదా, అయినా ఇలా ఎందుకు జరిగిందని డాక్టర్లకి అనుమానం. నా మాటవల్ల వచ్చిన అనుమానం. మూత్రపిండాలు చూశారు, ఇంకేవో గ్రంథులు చూశారు, ఏమీ దొరకలేదు. కొంతమంది ఒళ్ళు ఉప్పుని నిలుపుకోలేదు, మీది అలాంటిది కావచ్చు, ఇకమీదట దూరపు పరుగులు వద్దు అన్నారు. డేవిడ్ గారు ఆ మాట గట్టిగా పట్టుకున్నారు. ఎస్తేరక్క బూట్లు చర్చిలో ఎవరికో ఇచ్చేసింది. శనివారాలు రావడం మానేసింది. ఎవరైనా అడిగితే, నా ఒంట్లో ఉప్పు నిలవదమ్మా అని నవ్వుతూ చెప్పేది. ఉప్పు కొఠార్ల పక్కన పుట్టి ఒంట్లో ఉప్పు నిలవని మనిషినయ్యానని తనమీద తనే వేళాకోళం చేసుకునేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు ఎలా వచ్చిందో మీకు చెప్పలేను.

నేను మాత్రం డ్రింక్ చెయ్యడం మానలేదు. మానితే అనుమానం వస్తుందని. రుచి చూడ్డం మాత్రం మొదలుపెట్టాను. ఎవరూ చూడకుండా.

ఏళ్ళు గడిచాయి. మీరు నమ్మరు, రోజూ గుర్తొచ్చేదేం కాదు. నెలల తరబడి హాయిగా ఉండేదాన్ని. ఉన్నట్టుండి పులుసులో ఉప్పు వేస్తూ చెయ్యి ఆగిపోయేది. చప్పగా ఉందేంటి ఇవాళ అని మా ఆయన అన్నరోజు గిన్నె విసిరేసినంత పని చేశాను. పాపం, ఆయనకి ఇప్పటికీ కారణం తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఈ సంవత్సరం కెజియా కాలేజీలో మారథాన్‌కి ట్రైనింగ్ మొదలుపెట్టింది. వాళ్ళమ్మ వద్దంది. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్ల మా ఇంటికి వచ్చి నా ముందు కూర్చుంది.

"ఆంటీ, అమ్మకి మీరు చెప్పండి. మన బాడీలో సాల్ట్ ఉండదు, నీకు కూడా అదే ప్రాబ్లం వస్తుంది, ఫ్యామిలీలో ఉంది అంటుంది. నాకు టెస్ట్స్ అన్నీ నార్మల్ వచ్చాయి. అయినా భయపడుతుంది. ఇప్పుడు నాకు కూడా భయం వేస్తుంది, పరిగెడితే."

ఫ్యామిలీలో ఉంది. నేను ఏడేళ్ళ క్రితం సింకులో వదిలిన నీళ్ళు ఎక్కడిదాకా పారాయో అప్పుడు తెలిసింది. నేను ఒక్క మనిషికి అన్యాయం చేశానని లెక్కేసుకుంటున్నాను. ఆ తల్లి ఒక లేని జబ్బుని కూతురికి ఆస్తిలాగ పంచుతోంది. రేపు ఆ పిల్ల తన పిల్లలకి ఇస్తుంది. అంతా నా స్టవ్ పక్కన మొదలైంది.

మర్నాడు ఎస్తేరక్కకి ఫోన్ చేసి గ్రీన్‌వే దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది, చేతిలో నాకోసం ఒక డబ్బా నిండా జంతికలతో. పాత బెంచీమీదే కూర్చున్నాం. జంతికల డబ్బా మా ఇద్దరి మధ్యా ఉంది. నేను గిన్నె సంగతి, ప్లేటు సంగతి, సింకు సంగతి అన్నీ చెప్పాను. ఎంగిలి సంగతి కూడా చెప్పాను, పెరట్లో గ్లాసులతో సహా. తల ఎత్తకుండా చెప్పాను.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ క్షమిస్తుంది, ఆవిడ పెంపకం అలాంటిది. ఆ పని ఆవిడమీద పెట్టడం నాకు సిగ్గనిపించింది. ఇది జరిగి రెండు వారాలైంది. ఆవిడ నాకు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. చేస్తుందో లేదో తెలియదు. ఆవిడ మనసులో నా గురించి ఏముందో నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. విచిత్రమేమిటంటే, ఇన్నేళ్ళ తరవాత ఊపిరి మాత్రం నిండా అందుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

ఆరోజు బెంచీమీద నేను చెప్పడం అయిపోయాక ఆవిడ దారికేసి చూసింది. ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకుంటూ మా ముందునుంచి వెళ్ళారు. కోపం వస్తుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. ఆవిడ నావైపు తిరగలేదు. తల వంచి తన మోకాళ్ళకేసి చూసుకుంది. రెండు చేతులూ వాటిమీద పెట్టుకుంది, చాలా ఏళ్ళ తరవాత ఇంటికొచ్చిన పిల్లల తలమీద చెయ్యి వేసినట్టు. గొంతు తగ్గించి, నన్ను కాదు, వాటినే అడుగుతున్నట్టు అడిగింది.

"అంటే, ఆరోజు ఉప్పు లేకుండానే చివరిదాకా పరిగెత్తానా నేను?"

"అవునక్కా," అన్నాను.

ఆవిడ లేచి, జంతికల డబ్బా అక్కడే వదిలేసి, కారు వైపు కాకుండా దారి వైపు నడిచింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. మలుపు తిరిగేదాకా చూశాను. చిన్న చిన్న అడుగులే వేస్తోంది.